కింద ఎవరో మూలుగుతున్నారు

ఫిర్యాదు చీటీ మీద అలాగే రాసి ఉంది:
"డయల్ టోన్ బాగానే ఉంది.
దాని కింద ఎవరో మూలుగుతున్నారు."
ఆఫీసు కుర్రాళ్ళు పగలబడి నవ్వి
ఆ చీటీని నా మీదికి తోశారు.

కేప్ బ్రెటన్‌లో మార్చి నెలంటే
రోడ్డు సగం మంచు, సగం బురద.
గ్లెన్ మొరాగ్ మలుపు దాటాక
స్తంభాలు కూడా ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి.
ఆఖరి స్తంభానికి ఆఖరి ఇల్లు, ఎఫీ మెకీచెర్న్‌ది.
తలుపు తీస్తూనే అడిగింది: "నీకు చెవులున్నాయా?"
"నాకు జీతమిచ్చేది వాటికే," అన్నాను.

వంటింటి గోడకి ఆవపిండి రంగు ఫోను.
రిసీవరు నా చెవికి ఆనించి
నా మొహమే చూస్తూ నిలబడింది,
జ్వరం చూసే నర్సులాగా.
నిజమే. పైన టోను నున్నగా సాగుతోంది.
అడుగున మాత్రం, పక్కగదిలో గురకలా, మందపాటి రొద.
"బి కన్నా ఒక్క పిసరు తక్కువ," అంది.
"నా ఏ తీగని పాడుచేస్తోంది."

అప్పుడు చూశాను, రొట్టెల బల్ల మీద ఫిడేలు.
నలభై ఏళ్ళుగా ఆవిడ శ్రుతి చేసుకునేది
మా టోనుతోనట.
అందులో రెండు స్వరాలు కలిసి ఉంటాయి, పైది సరిగ్గా ఏ.
మాకెవరూ చెప్పలేదు,
కంపెనీ నడుపుతూ నడుపుతూ
ఒక ఇంటికి తంబూరా కూడా మీటుతున్నామని.

దీనికి ఒకటే పద్ధతి:
అనుమానం ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ బయటికి పంపడం.
పడగ్గది ఫోను పీకాను. మూలుగు పోలేదు.
ఆన్సరింగ్ మెషీను పీకాను. పోలేదు.
మేనల్లుడెవరో వదిలేసి వెళ్ళిన ఫ్యాక్సు పీకితే
దుమ్ముతో పాటు ఎండు బఠాణీ ఒకటి రాలింది.
మూలుగు మాత్రం అక్కడే.
బయట గోడ మీది బూడిదరంగు డబ్బా తెరిచి
ఇంటి వైరు విడదీసి, టెస్టు సాకెట్లో నా ఫోను గుచ్చాను.
ఒక చెవిలో సముద్రపు గాలి,
ఇంకో చెవిలో కడిగిన ముత్యంలాంటి టోను.
అంటే తప్పు మాది కాదు. ఇంటి లోపలిదే.
ఆ మాట ఇంటివాళ్ళకి చెప్పడమే ఈ ఉద్యోగంలో కష్టం.

"లోపలంటే?" అంది,
నేనేదో వాళ్ళ వంశాన్ని అన్నట్టు.

నేలమాళిగ. మెట్ల మీదే బంగాళాదుంపల వాసన.
టార్చి వేసుకుని వైరు వెంట పోతే
మూలన ఫ్రీజరు, దాన్నిండా దుప్పి మాంసం.
క్రిస్మస్‌కి ముందు ఎవరో జరిపారు.
దాని కాలు సరిగ్గా వైరు మీద మోపి ఉంది.
తొక్క చిట్లి, రాగి బయటపడి
తడి నేలని నాకుతోంది.
ఇంట్లో కరెంటు గొణిగే గొణుగుడంతా
అక్కణ్ణించే పైకెక్కుతోంది.

నాలుగంగుళాలు జరపడానికి ఇద్దరం పట్టాం.
డెబ్బై ఎనిమిదేళ్ళావిడ, ఎక్కువ బరువు తనే మోసింది.
కొత్త వైరు లాగి, నేల తగలకుండా
దూలానికి మేకులు కొట్టాను.

పైకొచ్చాక టీ సంగతే ఎత్తలేదు.
రిసీవరు కుడి భుజానికి ఇరికించి,
ఫిడేలు ఎడమ వైపుకి ఎత్తి,
"అరనిమిషమేగా ఇస్తారు, తర్వాత ఆ పిల్ల అరుస్తుంది," అంది.
ఆ పిల్ల నాకూ తెలుసు:
దయచేసి ఫోను పెట్టేసి మళ్ళీ ప్రయత్నించండి.
ఏ దొరికింది. దాన్ని పట్టుకుని డి, ఆ వెనకే జి.
పైన ఈ కాస్త మొరాయించింది,
చలికి బిగిసిన మర.
పిల్ల నోరు తెరిచేలోపు ఠపీమని పెట్టేసింది.

ఫారంలో రాశాను. లోపం: ఫ్రీజరు కాలు.
పరిష్కారం: నాలుగంగుళాలు.
బిల్లెంత అంటే, వైరుకి పన్నెండు డాలర్లన్నాను.
"మరి నలభై ఏళ్ళ టోనుకి?"
దానికి మా దగ్గర గడి లేదు.

మలుపు ఇంకా దాటనే లేదు,
ఆఫీసు నుంచి మరో చీటీ చదివి వినిపించారు.
అదే నంబరు. ఈసారి ఫిర్యాదు
అవతలి కొండ మీది చెల్లెలు ఊర్సులాది:
"మా అక్కకి ఎప్పుడు చేసినా ఎంగేజే.
మీ లైనులో ఏదో లోపముంది."

బండి పక్కకి ఆపాను. అద్దం దించాను.
ఇంత దూరానికి ఏదీ వినిపించదు, తెలుసు.
"పరీక్షించాం, లైను బాగుంది,
అని రాసుకోండి," అన్నాను.